కొండ మీది కూత

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో పట్టపగలు వీధి తలుపుకు గడియ పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నెత్తి మీది మేతమోపు దొడ్లో దించి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల అత్త ఉంది. అత్తతోపాటు పట్నం నుంచి వచ్చిన పిల్ల ఉంది. తలుపు తడితే అత్త గొంతు వినిపించింది.

"కాసేపు దొడ్లో పని చూసుకో అమ్మాయ్. మేమిక్కడ పనిలో ఉన్నాం."

ఏం పనో కోడలికి తెలుసు. తెలుసు కాబట్టే కాళ్ళు అక్కణ్ణించి కదల్లేదు.

ఆ లోయలో గొర్రెల్ని చూసుకునేది ఆడవాళ్ళు. మగవాళ్ళు రాతిపనికో, రంపపుమిల్లుకో పోతారు. పొద్దున్నే మందను కొండవాలుకు తోలేస్తే అది తన దారిన మేస్తుంది. సాయంత్రం పెరటి గోడ దగ్గర నిలబడి కూత పెడితే దిగి వస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. ఒకరిది పొడుగ్గా సాగి చివర్లో విరుగుతుంది, ఇంకొకరిది మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒక ఇంటి కూతకు ఇంకో ఇంటి గొర్రె చెవి కూడా కదపదు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అవి అలా నోటినుంచి నోటికి వస్తున్నాయి. ఎప్పటినుంచి వస్తున్నాయో లోయలో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఈ కోడలికి మాత్రం అత్త ఇవ్వలేదు. మేత కోసేది, దొడ్డి ఊడ్చేది, ఉన్ని కత్తిరించేది, ఈనే గొర్రె పక్కన చలిలో కూర్చునేది కోడలు. సాయంత్రమయ్యేసరికి అత్త చీర కుచ్చెళ్ళు సవరించుకుంటూ వచ్చి గోడ దగ్గర నిలబడి ఒక్క కూత పెడుతుంది. మంద అంతా ఆవిడ కాళ్ళ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. "నేర్పు అత్తయ్యా" అంటే "ఇంకా టైముందిలే" అనేది. ఒకసారి అత్త ఇంట్లో లేనప్పుడు కోడలు తనంతట తనే ప్రయత్నించింది. గొర్రెలు తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

"గొర్రెలు రాలేదు గానీ మిల్లు మేస్త్రీ వచ్చాడు, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని" అని మొగుడు చాన్నాళ్ళు నవ్వాడు.

మొగుడు గోడలు కట్టే మేస్త్రీ. లోయలో అందరూ అతన్ని నిదానం అంటారు. రాయి మీద రాయి పెట్టడానికి ఎంత ఆలోచిస్తాడో, మాట మీద మాట పెట్టడానికి అంతకన్నా ఎక్కువ ఆలోచిస్తాడు.

అత్తకు కూతురు కూడా ఉండేదట. కనుమ అవతలి మనిషిని చేసుకుని వెళ్ళిపోయింది. కొండ మీది మేతభూమి కోసం రెండు వైపులవాళ్ళూ కర్రలతో కొట్టుకునే రోజులవి. ఆ కొట్లాటలో మామ చెయ్యి విరిగింది. దాని పేరు ఈ గడపలో ఎత్తొద్దని ఆయన ఇంటిల్లిపాదితో ఒట్టు వేయించుకున్నాడు. మామ పోయాడు గానీ ఒట్టు పోలేదు. ఆ ఆడపడుచు ముఖం ఎలా ఉంటుందో కూడా కోడలికి తెలియదు.

ఇక ఈ పట్నం పిల్ల. పాత మాటలూ పాటలూ దాచిపెట్టే సంస్థలో ఉద్యోగమట. దర్జీ మేడ మీది గది అద్దెకు తీసుకుని, ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ చేత కూతలు పెట్టించి మిషన్లోకి ఎక్కిస్తోంది. బొచ్చు తొడుగు వేసిన మైకును గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేది. అందుకని లోయలో ఆమెకు మైకమ్మ అని పేరు పడింది.

గోడ ఇవతలికి అత్త కూత సన్నగా వినిపించింది. ఆ తర్వాత అత్త చాలాసేపు ఏదో మాట్లాడింది, గొంతు తగ్గించి. కోడలు చెవి తలుపుకు ఆనించినా ఒక్క ముక్క అందలేదు. గడియ తీసేసరికి మైకమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్త మాత్రం బరువు దించుకున్న మనిషిలా తేలిగ్గా కనిపించింది.

"ఇన్నేళ్ళు నాకు నేర్పనిది, ముక్కూ మొహం తెలీని పిల్లకి గడియ పెట్టుకుని మరీ ఇచ్చింది మీ అమ్మ" అంది కోడలు అన్నం దగ్గర.

నిదానం ముద్ద నమిలి మింగాడు. "మిషనుకిచ్చింది. మిషను వచ్చి గొర్రెలు కాస్తుందా ఏంటి?"

ఆ మాట ఆమె మనసులో ఇంకోలా నాటుకుంది. కాస్తే?

వారం తిరక్కముందే మందలో మొదటి గొర్రె తగ్గింది. నల్లమూతి గొర్రె, దాని పిల్లతో సహా. తోడేలైతే నెత్తురు మరకో, ఉన్ని ముక్కో కనిపించాలి. కొండవాలంతా వెతికినా ఏమీ దొరకలేదు. పక్క ఇళ్ళవాళ్ళను అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. అలా అన్నప్పుడు వాళ్ళ ముఖాల్లోకి కాస్త ఎక్కువసేపే చూసింది.

తర్వాత రెండు రోజులకు వాలు మీద గడ్డి కోస్తుంటే కూత వినపడింది. ఆ ఇంటి కూతే. మొదట అలవాటుగా వినేసింది. కొడవలి ఆడుతూనే ఉంది. ఆపైన కొడవలి ఆగింది. నెత్తి మీద ఎండ ఉంది. మధ్యాహ్నం పూట కూత పెట్టేవాళ్ళు ఎవరు? పైగా తను వచ్చేటప్పుడు అత్త మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోతోంది. కూత వచ్చింది కింద ఇంటి వైపు నుంచి కాదు, పైన కనుమ వైపు నుంచి.

మందలో పైవైపు మేస్తున్న మూడు గొర్రెలు తలెత్తాయి. తలెత్తినవి తలెత్తినట్టే కొండ ఎక్కడం మొదలుపెట్టాయి. ఆమె అరిచింది, రాళ్ళు రువ్వింది. అవి ఆమెను లెక్కచేయలేదు. ఊపిరి అందక మొదటి మలుపు దగ్గర కూలబడి చూసేసరికి పైన మంచు తప్ప ఏమీ లేదు.

ఇంటికి పరుగున వచ్చి చెప్పింది. అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఎన్ని పోయాయని అడగలేదు. ఎటు పోయాయని అడగలేదు.

"గొంతు ఎలా ఉంది?" అంది.

"నీ గొంతే అత్తయ్యా. కాకపోతే కాస్త సన్నగా ఉంది."

"సన్నగానా" అంది అత్త. మర్నాటినుంచి మధ్యాహ్నం నిద్ర మానేసి పెరటి గోడ దగ్గర పీట వేసుకుని కనుమ వైపు ముఖం పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. గొర్రెలు పోతుంటే గుండెలు బాదుకోవాల్సిన మనిషి తల కూడా దువ్వుకుని కూర్చుంటోంది. దీనికేదో తెలుసు, అనుకుంది కోడలు. ఆ పిల్లా ఇదీ కలిసి ఏదో చేస్తున్నారు.

దర్జీ దగ్గర అంది ఆ మాట. రవికె గుండీల కోసం వెళ్ళి, గుండీలు మర్చిపోయి అంతా చెప్పేసింది. దర్జీ మిషను ఆపాడు. చెవిమీది సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"సన్నగా ఉందా గొంతు? మిషన్లో పడితే సన్నబడుతుంది చెల్లెమ్మా. మా అమ్మ కూత ఆ పిల్ల వినిపించింది కదా, అచ్చం అలాగే ఉంది. పెట్టెలోంచి వచ్చినట్టు." కాస్త ముందుకు వంగాడు. "ఇంకో సంగతి. మొన్న కనుమ దాటి వెళ్ళింది ఆ పిల్ల. నేనేం చూడలేదులే. మేడమెట్ల మీద ఎర్రమట్టి ఉంది. మన వైపు నల్లమట్టి కదా. ఎర్రమట్టి ఎక్కడుంది చెప్పు?"

"అవతలి వైపు."

"అవతలి వైపు రోడ్డు ఉంది. రోడ్డు మీద లారీ ఆగుతుంది." దర్జీ అంతటితో ఆపేసి మళ్ళీ మిషను తొక్కాడు. మిగిలింది ఆమెనే కుట్టుకోమన్నట్టు.

ఆమె ఆ సాయంత్రమే పంపు దగ్గర మైకమ్మను పట్టుకుంది.

"ఏమ్మా, కనుమ అవతలికి వెళ్ళావా ఈమధ్య?"

మైకమ్మ చేతిలో బిందె నిండి పొర్లుతోంది. "లేదక్కా" అంది. ఆ లేదు అనే ముందు ఒక్క క్షణం ఆగింది.

ఆ ఒక్క క్షణం చాలు. కోడలు ఇంటికి వస్తూ దాన్నే నెమరేసుకుంది. నిజం చెప్పేవాళ్ళు ఆగరు.

మరో రెండు గొర్రెలు పోయేసరికి లోయ అంతా గుప్పుమంది. ఎవరి మందను వాళ్ళు లెక్క పెట్టుకున్నారు. ఇంకెవరివీ పోలేదు గానీ, రేపు పోవని నమ్మకమేంటి అన్నారు. అందరి కూతలూ ఆ మిషన్లో ఉన్నాయి కదా. మూడు నెలలుగా తేనీళ్ళిచ్చి కూర్చోబెట్టినవాళ్ళే, ఆ పిల్ల వీధిలో వస్తుంటే తలుపులు మూసుకున్నారు. ఎవరో ఆమె మేడ మీద రాత్రుళ్ళు దీపం వెలుగుతుందన్నారు. ఎవరో ఆమె అసలు పట్నం మనిషే కాదన్నారు.

ఆదివారం పొద్దున దర్జీ కొట్లో అంతా పోగయ్యారు. మైకమ్మ సంచులు మేడ మీంచి కిందికి వచ్చాయి. గుడ్డముక్కలు కత్తిరించే బల్ల మీద ఆమె బట్టలు, సబ్బుపెట్టె, మందుబిళ్ళలు, తీగలు గుమ్మరించారు. ఎర్రమట్టి పట్టిన బూట్లు దర్జీ పైకెత్తి చూపించాడు. మైకమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు.

"వెళ్ళాను" అంది. "ఎందుకు వెళ్ళానో చెప్పను. మాటిచ్చాను."

"ఎవరికి?" అంది కోడలు.

"మీ అత్తగారిని అడగండి అక్కా."

అందరి తలలూ తన వైపు తిరిగేసరికి కోడలికి ఒళ్ళు మండింది. అత్తను పిలవడానికి అంతకుముందే మనిషి వెళ్ళాడు. మోకాలి నొప్పి, రాలేనని కబురంపింది.

"మా ఇంటి సంగతి మా ఇంట్లో తేల్చుకుంటాం. ముందు ఆ మిషన్లో ఉన్నది తీసెయ్యి."

"మీ ఒక్కరిదా?"

"అందరివీ" అన్నాడు దర్జీ.

మైకమ్మ అతని వైపు చూసింది. "మీ అమ్మగారిది కూడా ఉంది. ఆవిడ మంచం మీంచి లేవలేకపోయినా నా కోసం దిండుకి ఆనుకుని కూర్చుని పెట్టారు. ఒకసారి ఆలోచించుకోండి."

"మా గొర్రెలు మాకు ముఖ్యమమ్మా. నొక్కు."

ఆమె నొక్కింది. ఒక్కోటి చెరిపే ముందు ఎవరి కూతో పేరు చదివింది. ఆ పేర్లు వింటుంటే కొట్లో మాటలు తగ్గిపోయాయి. మధ్యలో ఎవరో చాలన్నట్టు దగ్గారు కూడా. కానీ ఆపమని నోరు తెరిచి ఎవరూ అనలేదు. మధ్యాహ్నం బస్సుకు ఆమె వెళ్ళిపోయింది.

కోడలు ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. "అన్నీ తుడిచేయించాం. నీది కూడా."

అత్త గోడ దగ్గర పీట మీదే ఉంది. "ఆ పిల్ల ఏమైనా అందా?" అని అడిగింది.

"నిన్నడగమంది. నువ్వు చెప్పు మరి."

అత్త మోకాలు పట్టుకుని లేచి లోపలికి పోయింది. ఆ సాయంత్రం కూత పెట్టబోతే గొంతు మధ్యలో తెగింది. గొర్రెలు సగం దారిలో ఆగిపోయి నిలబడ్డాయి. రెండోసారి పెడితే గానీ దిగి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కనుమ మీంచి కూత మళ్ళీ వచ్చింది.

కోడలు దొడ్లో ఊడుస్తోంది. చీపురు చేతిలోనే ఉండిపోయింది. మిషను లేదు. మిషనులో ఉన్నదీ లేదు. ఆ పిల్ల ఈపాటికి పట్నంలో ఉంటుంది. మరి ఈ గొంతు ఎవరిది? తిరిగి చూస్తే గోడ దగ్గర అత్త కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర కాదు. పెదవులు కదులుతున్నాయి, ఆ కూతతోపాటే.

ఆమె చీపురు పారేసి కర్ర అందుకుంది. ఈసారి గొర్రెల్ని ఆపాలని చూడలేదు, వాటి వెనకే ఎక్కింది. గొర్రె తోవలు గొర్రెలకే తెలుసు. ముళ్ళలోంచి, బండలమధ్యనుంచి అవి పోతుంటే చేతులు గీరుకుంటూ పోయింది. దారి పొడవునా ఆ లారీ వాళ్ళను ఏమనాలో కూడబలుక్కుంది. కనుమ దాటి ఎర్రమట్టిలో కాలు పెట్టాక లారీ కనిపించలేదు. పెంకుల కప్పు ఉన్న చిన్న ఇల్లు కనిపించింది. పక్కన కొట్టం.

కొట్టంలో పోయిన తన గొర్రెలన్నీ ఉన్నాయి. కింద ఎండుగడ్డి మెత్తగా పరిచి ఉంది. నల్లమూతి గొర్రె పిల్ల ఒళ్ళు చేసింది. ఒకావిడ ఒక గొర్రెను వెల్లకిలా తిప్పి మోకాళ్ళమధ్య ఇరికించుకుని గిట్టలు చెక్కుతోంది. తలెత్తి చూసింది. నిదానం ముక్కే ఆ ముఖం మీద ఉంది. చూడటం కూడా అలాగే, తొందరేమీ లేకుండా చూసింది.

"మా తమ్ముడి పెళ్ళానివా?"

"అవును."

"వాడు రాలేదా?"

"ఆయనకి తెలీదు. నాకూ తెలీదు. దొంగని పట్టుకుందామని వచ్చాను."

ఆవిడ ఫక్కున నవ్వింది. "పట్టుకున్నావుగా. కూర్చో, నీళ్ళు తాగు."

కోడలు కూర్చోలేదు. కర్ర కూడా దించలేదు. అప్పుడావిడ గొర్రెను వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది. పట్నం పిల్ల ఒకతె మిషను తీసుకొచ్చి అమ్మ కూత వినిపించిందనీ, కూత తర్వాత అమ్మ మాట్లాడిన మాటలున్నాయనీ.

"ఏం మాట్లాడింది?"

"'నీ పేరు ఎత్తనని ఒట్టేశాను. చూడు, ఎత్తడం లేదు. ఎత్తకుండానే పిలుస్తున్నా. గొంతుంటే బదులియ్యి' అంది." ఆవిడ కొట్టం వైపు చూసింది. "బదులిచ్చాను. ఇంకెలా ఇవ్వను? మళ్ళీ ఈ కనుమ దిగనని వచ్చేటప్పుడు నేనూ నోరు జారాను. కూత పెడితే గొర్రెలొచ్చాయి. పోనీలే, గొర్రెల కోసమైనా ఎవరో ఒకరు వస్తారనుకున్నా. రాలేదు. మళ్ళీ పిలిచా. గొర్రెలే వచ్చాయి గానీ వాటి వెనక మనిషి రాలేదు. మీ లోయలో గొర్రె పోతే వెతకడానికి కూడా రారా ఇప్పుడు?"

కోడలి చేతిలో కర్ర బరువెక్కింది.

"మేం సంచులు వెతికాం వదినా" అంది.

ఆ సంగతంతా విన్నాక ఆడపడుచు మళ్ళీ నవ్వలేదు. ఇద్దరూ కలిసి మందను కనుమ దాకా తోలారు. అక్కడ గొర్రెలు మొండికేశాయి. కోడలు వెనక నుంచి అదిలిస్తే కదల్లేదు. "నీకు కూత రాదా?" అంది ఆడపడుచు ఆశ్చర్యంగా. "మా అమ్మ నేర్పలేదా?" ఆ తర్వాత బండ మీద కూర్చోబెట్టి నేర్పింది. చివరి ముక్క గొంతుతో కాదు, ముక్కుతో విరవాలట. ఎండ పక్కకు వాలేదాకా పట్టింది. కోడలు పెట్టిన కూతకు మొదటిసారి నల్లమూతి గొర్రె ఒక్కటే కదిలింది. దాని వెనక మిగతావి.

మంద దొడ్లోకి వచ్చేసరికి అత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"నీకు మొదటి రోజే తెలుసు కదా అత్తయ్యా."

"తెలుసు."

"మరి అంతమందీ ఆ పిల్ల బట్టలు బల్ల మీద గుమ్మరిస్తుంటే మోకాలి నొప్పన్నావే!"

అత్త పీట మీద కూలబడింది. "నిన్ను నమ్మలేదమ్మాయ్. నీకు చెప్తే నువ్వు దర్జీకి చెప్తావు. దర్జీ లోయకి చెప్తాడు. లోయ కర్రలు పట్టుకుని కనుమెక్కుతుంది. మీ మామ చెయ్యి ఎలా వేలాడిందో నువ్వు చూడలేదు, నేను చూశాను."

"నేనెవరికీ చెప్పేదాన్ని కాదు" అంది కోడలు. అన్నాక ఆ మాట తనకే అబద్ధంగా వినిపించింది. దర్జీకి మొదట చెప్పింది తనే కదా. దొడ్డి తలుపు వేసి, లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

నిదానం అంతా విన్నాడు. ఈసారి ఆలోచించలేదు. మర్నాడు తెల్లవారగానే కడుతున్న గోడను ఎక్కడిదక్కడ వదిలేసి, మిల్లు నుంచి కంచరగాడిదను అడిగి తెచ్చి తల్లిని ఎక్కించాడు. మనిషి అంత గబగబా నడవడం లోయవాళ్ళు ఎన్నడూ చూడలేదు. తల్లీ కూతురూ కనుమ మీద కలుసుకున్నారు. ఆవిడ ఇటు దిగలేదు, ఈవిడ అటు దిగలేదు. అత్త అక్కడ కూడా కూతురి పేరు ఎత్తలేదు. "ఒసే" అంది. ఆ ఒక్క మాటకే కూతురు వచ్చి గాడిద మెడ మీద తల పెట్టేసింది.

కోడలు ఆ పక్కనే నిలబడింది. ఆనందంగానే ఉంది గానీ, ఆమె కళ్ళ ముందు దర్జీ బల్ల మీద పడ్డ సబ్బుపెట్టె కదులుతూనే ఉంది.

చలికాలంలో దర్జీ తల్లి కన్నుమూసింది. ఆమె కూతను గుర్తు తెచ్చుకోవాలని దర్జీ చాలా తంటాలు పడ్డాడు. కొట్లోకి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేవాడు. "మొదట్లో పైకి లేస్తుంది కదా? తర్వాత?" తలా ఒకలా చెప్పారు. ఒకరోజు కోడలి దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి ఫోను నంబరు ఉందా చెల్లెమ్మా అని అడిగాడు. ఎక్కడో ఇంకో చోట దాచి ఉంటుందేమో అని అతని ఆశ.

కోడలే ఫోను చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు.

"లేదక్కా" అంది మైకమ్మ. "అన్నీ అందులోనే ఉన్నాయి. చెరిపాను కదా." ఈసారి ఆ లేదు అనే ముందు ఆగలేదు.

కోడలు చెప్పాల్సింది చెప్పింది. క్షమించమంది. మైకమ్మ వేరే మాట అడిగింది.

"మీకు కూత వచ్చా ఇప్పుడు?"

"వచ్చు. మా వదిన నేర్పింది. మా అత్త దాన్ని కాస్త దిద్దింది. ఇద్దరిదీ ఒకేలా ఉండదు."

"రెండూ కావాలి" అంది మైకమ్మ. "వస్తాను. కానీ దర్జీ మేడ మీద ఉండను."

ఉన్ని కత్తిరించే రోజుల్లో వచ్చింది. బస్సు దగ్గరికి కోడలే వెళ్ళి సంచి అందుకోబోతే, "పర్లేదక్కా, నేను మోస్తాను" అంది. మర్యాదగానే అంది. ఇంట్లో వెనకగది శుభ్రంగా కడిగి పరుపు వేసి ఉంచారు. ఆమె సంచిని గోడ వారగా పెట్టి, జేబులోంచి చిన్న తాళం తీసి దాని జిప్పుకు వేసింది. వేసి ఒకసారి లాగి చూసుకుంది.

కోడలు గుమ్మంలోంచి చూసింది. చూడనట్టు తల తిప్పుకుని, చెంబుతో నీళ్ళు తేవడానికి వెళ్ళింది.